ముప్పయ్యారు బొమ్మలూ, లెక్కలేని బొమ్మలూ

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ప్రాక్టికల్సు ముగిసి, విద్యార్థులు బ్యూరెట్లు కడిగి పెట్టే వేళకు నన్ను అడిగే ప్రశ్నలలో రసాయనశాస్త్రానికి సంబంధించినవి తక్కువ. నా భుజాన వ్రేలాడే సంచిలో కెమేరా ఉంటుందని అందరికీ తెలుసు. అందుచేత "సార్, ఏ కెమేరా కొనమంటారు?" అనే ప్రశ్న ఏటా వినిపిస్తూనే ఉంటుంది. పదిహేనేళ్ళ క్రిందట ఆ ప్రశ్నకు ఏ కంపెనీది కొనాలి అని అర్థం. ఈ నాలుగైదేళ్ళుగా అర్థం మారింది. "ఫిల్ము కెమేరా కొనాలా, డిజిటల్ కొనాలా?" అని అడుగుతున్నారు. ఈ మాట అడిగే పిల్లలు పుట్టేనాటికే మన బజారులలో రీళ్ళు కడిగే దుకాణాలు ఒకటొకటిగా మూతపడడం మొదలయింది. తాతగారి అలమారలో దొరికిన కెమేరాను తెచ్చి, దాని వెనుక తలుపు ఎట్లా తెరవాలో చూపమని అడిగినవారు కూడ ఉన్నారు.

ఛాయాచిత్రాలు తీయడం వృత్తిగా గలవారికి ఈ సందేహం లేదు. పత్రికలవారు, పెళ్ళి చిత్రాలు తీసేవారు ఈ విషయంలో ఏనాడో ఒక నిర్ణయానికి వచ్చి, పాత యంత్రాలను అటకమీద పెట్టేశారు. సందేహమంతా అభిరుచి గలవానిదే. తనకు నచ్చిన కష్టాన్ని తానే ఎంచుకొనే స్వేచ్ఛ అతనికి ఉన్నది. చెరువు గట్టున గాలం వేసుకొని కూర్చున్నవానికి బజారులో చేపల ధర చెప్పి లేపలేము కదా! అయితే ఆ స్వేచ్ఛకు కూడ ఒక వెల ఉన్నది. మన విద్యార్థులలో చాలమందికి ఆ వెల తల్లిదండ్రుల సంపాదన నుండి రావలసిందే. అందుచేత నవ్వి ఊరుకోకుండా, ఈ రెండు మార్గాలలోనూ నడిచినవానిగా నాకు తెలిసినది వ్రాస్తున్నాను.

నేను ఈ వ్యసనంలో పడింది 1984లో. మా పెదనాన్నగారి ఇంట ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది. మన దేశంలోనే తయారయ్యే ఆ నల్లపెట్టె నాటి మధ్యతరగతి ఇళ్ళకు సుపరిచితం. దానిలో 120 రకం రీలు వేయాలి. రీలుకు 12 చదరపు బొమ్మలు. దూరాలు కొలిచే బాధ లేదు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, నొక్కడానికొక మీట, అంతే. ఉదకమండలంలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం నుండి 'ఇందు' అనే పేరుతో వచ్చే నలుపు తెలుపు ఫిల్ము దొరికేది. నెలకొక రీలు నా శక్తికి మించిన మాట. అందుచేత ఒక రీలు రెండు నెలలు కెమేరాలోనే ఉండిపోయేది. మొదటి బొమ్మ వేసవిదైతే చివరి బొమ్మ వానలలోది.

1988లో, జెద్దాలో ఉద్యోగం చేసి తిరిగివచ్చిన మా పొరుగింటి మిత్రుడొకరు తన పెంటాక్స్ కె1000ను నాకు వాయిదాలమీద ఇచ్చారు. ఆ రోజులలో గల్ఫు దేశాల నుండి హైదరాబాదుకు వచ్చే పెట్టెలలో టేపురికార్డరు, అత్తరు సీసాలతోబాటు ఒక కెమేరా కూడ ఉండడం రివాజుగా ఉండేది. గుండ్రాయి వలె బరువైన యంత్రం అది. బ్యాటరీ అయిపోయినా దాని షట్టరు ఆగదు. ఆ బ్యాటరీ కేవలం వెలుతురును కొలిచే ముల్లు కోసమే. 12 బొమ్మలనుండి 36 బొమ్మలకు వచ్చేసరికి నాకు జాగీరు దొరికినంత సంబరమయింది.

కెమేరా ఉంటే సరిపోదు, తీయడానికి విషయం కావాలి. గులాబీలను, సూర్యాస్తమయాలను అందరూ తీస్తూనే ఉన్నారు. నా దృష్టి దుకాణాల బోర్డులమీద పడింది. చార్మినారు నుండి మదీనా వరకు, ఛత్తా బజారు, మీరాలం మండీ పరిసరాలలో నాడు ప్రతి దుకాణం నెత్తిన చేతితో వ్రాసిన రేకు బోర్డు ఉండేది. ఒకే రేకుమీద కుడినుండి ఎడమకు ఉర్దూ, ఎడమనుండి కుడికి తెలుగు. రెండు వరుసలనూ వ్రాసింది ఒకే చేయి. ఉర్దూ నస్తాలీఖు వంపులకు అలవాటుపడిన కుంచె తెలుగు తలకట్టు పెట్టేటప్పుడు కూడ చివర కొద్దిగా సాగేది. దానిని చూచి 'ఇది ఫలానావారి పని' అని దూరంనుండే గుర్తుపట్టవచ్చు. బోర్డు మూలలో చీమలబారు వంటి అక్షరాలతో పెయింటరు సంతకం ఉండేది. ఆదివారాలు ఉదయం దుకాణాలు తెరవకముందే వెళ్ళి వీటిని తీసేవాణ్ణి. మూసిన దుకాణాల ఫోటోలు తీసే ఈ పిచ్చివాడెవడని టీ కొట్టువాళ్ళు నవ్వుకొనేవారు.

రీలు కడిగే పని ఇంట్లోనే. స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టి, రాత్రి అందరూ పడుకొన్న తరువాత పని మొదలు. ఒక లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు: ప్రపంచమంతటా డి-76 అని పిలిచే ద్రావణం ఇదే. సుమారు నూరేళ్ళుగా దీని పాకం మారలేదు. కాని ఇది 20 డిగ్రీల వేడిమిలో పనిచేయడానికి ఉద్దేశింపబడినది. మే నెలలో మన కుళాయి నీటికి ఆ సంగతి తెలియదు! పొరుగింటి ఫ్రిజ్జు నుండి మంచుగడ్డలు తెచ్చి, బొక్కెనలో వేసి, అందులో ద్రావణపు పాత్రను నిలబెట్టి, ఉష్ణమాపకం చూస్తూ కూర్చునేవాణ్ణి.

వెండి బ్రోమైడు స్ఫటికంమీద వెలుతురు పడినచోట కొద్దిపాటి వెండి పరమాణువులు విడివడి నిలుస్తాయి. కంటికి కనిపించని ఆ బొమ్మను డెవలపరు నల్లని వెండిగా పెంచుతుంది. మిగిలిన లవణాన్ని హైపో కరిగించి తీసివేస్తుంది. సోడియం థయోసల్ఫేటుకు వెండి లవణాలను కరిగించే గుణమున్నదని జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు. ఛాయాచిత్రాన్ని స్థిరపరచడానికి దానిని వాడవచ్చునని 1839లో ఆయనే చూపాడు. అయొడిన్ టైట్రేషనులో మన విద్యార్థులు బ్యూరెట్టులో పోసే హైపో ఇదే. ఆ మాట చెప్పినప్పుడు వారి కళ్ళలో కనిపించే ఆశ్చర్యం కోసమే నేను ఏటా ఆ పాఠాన్ని కొంచెం సాగదీస్తానని నా సహోద్యోగులు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇక డిజిటల్ కథ. 1969లో బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు సీసీడీ అనే పరికరాన్ని రూపొందించారు. దానికిగాను వారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. 1975లో కొడాక్ సంస్థలోని స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు అటువంటి పరికరంతో మొదటి డిజిటల్ కెమేరాను కూర్చాడు. అందులోని బొమ్మకు 10,000 బిందువులు మాత్రమే. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. ఫిల్ము అమ్మి బ్రతికే ఇంటనే ఈ బిడ్డ పుట్టడం విచిత్రం. అదే సంస్థ 1935నుండి తయారుచేసిన కొడాక్రోమ్ ఫిల్మును 2009లో ఆపివేసింది. 2012 జనవరిలో తానే దివాలా న్యాయస్థానపు మెట్లెక్కింది. 2013లో బయటపడి, ఫిల్మును మాత్రం నేటికీ తయారు చేస్తూనే ఉన్నది. మన ఉదకమండలం కర్మాగారానికి ఆ అదృష్టం పట్టలేదు. అది మూతపడింది. ఇక ఫిల్ము కథ ముగిసిందనుకొన్నవారికి సమాధానమా అన్నట్లు, 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమేరా బజారులోకి వచ్చింది. అది చట్రాన్ని సగంగా చేసి, 36 బొమ్మల రీలులో 72 బొమ్మలు తీస్తుంది. ఫిల్ము ఖరీదు ఎంత మండిపోతున్నదో చెప్పడానికి ఆ కెమేరా కొలతలే చాలు.

నా చేతికి డిజిటల్ కెమేరా 2006లో వచ్చింది. మొదటి ఆరు నెలలు దానిని తక్కువ చూపే చూచాను. నా అభిప్రాయాన్ని మార్చింది పత్తర్‌గట్టి. 1908 నాటి మూసీ వరదల తరువాత జరిగిన నగరాభివృద్ధిలో కట్టిన ఆ రాతి కమానుల వరుసను చూడవలసింది సాయంకాలం దీపాలు పెట్టినప్పుడు. 400 వేగం గల ఫిల్ముతో అక్కడ నాకు దొరికే షట్టరు వేగం సెకనులో 15వ వంతు. చేయి వణికితే బోర్డుమీది అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు నా దగ్గరనున్న డిజిటల్ కెమేరాను 3200 వేగానికి పెడితే అదే వెలుతురులో సెకనులో 125వ వంతు దొరుకుతుంది. నడిచేవారు నడుస్తూనే ఉంటారు, అక్షరాలు అక్షరాలుగానే నిలుస్తాయి. ఇరవై ఏళ్ళు పగటిపూట మాత్రమే చూచిన బజారును నేను రాత్రిపూట చూడగలిగింది ఈ యంత్రం పుణ్యమే.

రెండింటికీ వెలుతురును పట్టే తీరులో ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. కొత్తవారు దీనిని గ్రహిస్తే సగం చిక్కులు తప్పుతాయి. నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురును ఓర్చుకొంటుంది. తక్కువ వెలుతురును ఓర్వదు. నీడలో వివరం నమోదు కాకపోతే ఎన్ని ద్రావణాలలో ముంచినా అది రాదు. డిజిటల్ సంగతి తలక్రిందులు. దానిలోని ప్రతి బిందువూ ఒక చిన్న చెంబు వంటిది. చెంబు నిండిన తరువాత పోసిన నీరు నేలపాలే. తెల్ల రంగు అక్షరాలమీద ఎండ పడుతున్నప్పుడు ఒకసారి చెంబు నిండిపోతే అక్కడ తెల్లని మచ్చ తప్ప మరేమీ మిగలదు. నీడలో దాగినదానిని మాత్రం తరువాత కొంతవరకు పైకి లాగవచ్చు. కాబట్టి ఫిల్ముకు నీడను చూచి కొలవాలి. డిజిటలుకు ఎండను చూచి కొలవాలి. ఒకదానిమీద నేర్చుకొన్న చేయి రెండవదానిమీద మొదట తడబడడానికి కారణం ఇదే.

ఫిల్ము క్రమశిక్షణ నేర్పుతుంది, 36 బొమ్మలే ఉంటే మనిషి ఆలోచించి తీస్తాడు అని తరచుగా వింటుంటాను. ఈ మాటను నేను పూర్తిగా అంగీకరించను. కరవుకాలంలో గంజి త్రాగి బ్రతికినవాడు తరువాత గంజిని పొగడడం వంటిది ఇది. ఎపర్చరు మార్చితే వెనుకటి దృశ్యం ఎట్లా మసకబారుతుందో తెలుసుకోవడానికి నేను ప్రతి బొమ్మకూ నోటుపుస్తకంలో అంకెలు వ్రాసుకొని, రీలు పూర్తయి ప్రింట్లు వచ్చిన తరువాత పోల్చి చూచుకొనేవాణ్ణి. నాకు రెండు నెలలు పట్టిన ఆ పాఠాన్ని, బి.ఎస్సీ. రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి మన కళాశాల వేపచెట్టు క్రింద ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకొన్నది. ఆమె తీసిన నూటయాభై బొమ్మలలో నూటనలభై పనికిరానివే. అయితేనేమి? వాటికి కాణీ ఖర్చు లేదు. పారవేసే స్వేచ్ఛ లేనివాడికి ప్రయోగం చేసే ధైర్యం రాదు. నా యౌవనంలో ఆ స్వేచ్ఛ ఉండి ఉంటే కొందరు పెయింటర్ల ముఖాలను కూడ తీసి ఉండేవాణ్ణి. రీలు వారి బోర్డులకే చాలలేదు.

డబ్బు లెక్క కూడ చూద్దాం. ఈనాడు మంచి రంగుల రీలు ఒకటి కొని, కడిగించి, స్కాను చేయిస్తే మొత్తం 1,000 రూపాయలు దాటుతుంది. అంటే బొమ్మ ఒక్కంటికి 28 రూపాయలకు తక్కువ కాదు, అది కళ్ళు మూసుకొన్న బొమ్మ అయినా సరే. నెలకొక రీలు చొప్పున మూడేళ్ళకు 36,000 రూపాయలు. ఆ సొమ్ముతో వాడిన డిజిటల్ కెమేరా ఒకటి లెన్సుతో సహా కొనవచ్చు. 'పాత ఫిల్ము కెమేరా చౌకగా దొరికింది' అని సంతోషించేవారు ఏనుగును చౌకగా కొన్నవాని కథను జ్ఞాపకం చేసుకోవాలి. ఖర్చు ఏనుగుది కాదు, మేతది.

ఇక్కడ నేటి ఫిల్ము అభిమానులు గమనించని సంగతి ఒకటి ఉన్నది. వారిలో చాలమంది రీలును ల్యాబుకు పంపుతారు. ల్యాబువారు కడిగి, స్కాను చేసి, ఆ బొమ్మలను ఫోనుకు పంపుతారు. అభిమానిగారు వాటిని ఫోనులో చూచుకొని, స్నేహితులకు చూపి మురిసిపోతారు. నెగెటివులను తెచ్చుకోవడానికి కూడ కొందరు వెళ్ళరు. అప్పుడు వారి చేతిలో మిగిలింది ఏమిటి? డిజిటల్ బొమ్మే కదా! ఫిల్ము ఖర్చుతో తీసిన డిజిటల్ బొమ్మ. చీకటి గదిలో చేయి తడవలేదు; నెగెటివ్ పెట్టెలో చేరలేదు. మరి ఫిల్ము దేనికి? ఆ రంగులలోని మెత్తదనం కోసమంటారు. అది నిజమే, కాదనను. కాని ఆ మెత్తదనానికి బొమ్మకు 28 రూపాయలు ఎక్కువని నా అభిప్రాయం. మీట నొక్కడంతో ముగిసిపోయే పని అయితే ఏ కెమేరా అయినా ఒకటే. నొక్కిన తరువాత ఏమి చేయదలచుకొన్నామనేదానినిబట్టి కెమేరాను ఎంచుకోవాలి.

2023 వర్షాకాలంలో ఒకాయన నన్ను వెదుక్కొంటూ కళాశాలకు వచ్చాడు. ఆయనకు నగరంలో ఫ్లెక్సు ముద్రణ దుకాణం ఉన్నది. తండ్రి పాతబస్తీలో పేరున్న పెయింటరు. చనిపోయి చాలా ఏళ్ళయింది. తండ్రి వ్రాసిన బోర్డులన్నీ తుప్పుపట్టో, దుకాణాలు చేతులు మారో పోయాయి. వాటిలో కొన్నింటిని దింపి ఫ్లెక్సు కట్టింది తన దుకాణమేనని ఆయనే చెప్పాడు. "మా అబ్బా రాసిన బోర్డు ఒక్కటన్న మీ ఫోటోలల్ల ఉంటదా సార్?" అని అడిగాడు. ఇంట్లో ఆయన చేతివ్రాత చిన్న చీటీ కూడ మిగలలేదట.

నెగెటివులను నేను సంవత్సరం వారీగా కాగితపు సంచులలో పెట్టి, ప్రతి సంచిమీదా బజారు పేరు వ్రాసి ఉంచుతాను. రెండు రాత్రులు వెదికిన తరువాత 1989 నాటి సంచిలో, ఆరు బొమ్మల పట్టీ ఒకదానిలో, గడియారాలు బాగుచేసే దుకాణపు బోర్డు కనిపించింది. పైన ఉర్దూలో ఘడీసాజ్ అని, క్రింద తెలుగులో 'గడియారములు బాగుచేయబడును' అని. భూతద్దంతో చూస్తే మూలలో సంతకం. దానిని పెద్ద ప్రింటు వేయించి ఇచ్చాను. ఆయన బోర్డు మొత్తాన్ని చూడలేదు. వ్రేలు నేరుగా ఆ మూలమీదికి పోయింది. కొంతసేపటికి 'గడియారములు' అనే మాటలోని ఒక అక్షరాన్ని చూపి, "మా అబ్బా ఈ అక్షరం ఒక్క దెబ్బలనే రాస్తుండె. కుంచె లేపకపోతుండె" అన్నాడు. తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ముప్పైనాలుగేళ్ళపాటు ఆ నెగెటివ్ నానుండి ఏమీ కోరలేదు. ఒక పెట్టె, కొంచెం పొడిగాలి, అంతే. మన నగరానికే చెందిన పెద్ద ఉదాహరణ ఒకటి ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియోకు చెందిన గాజు నెగెటివులు 2,000కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. నిజాం నాటి హైదరాబాదును మనం ఈనాడు చూడగలుగుతున్నామంటే, గాజుపలకమీది వెండి నిలిచి ఉండడమే దానికి కారణం.

డిజిటల్ బొమ్మ అట్లా కాదు. అది నూనె పోస్తూ ఉండవలసిన దీపం. నా 2009–2013 నాటి బొమ్మలున్న హార్డుడిస్కు ఒకనాడు టిక్కుటిక్కుమని చప్పుడు చేసి ఆగిపోయింది. బాగుచేసేవారు పరీక్షించి పెదవి విరిచారు. మా తమ్ముడి ఇంట రెండవ ప్రతి ఉన్నది కాబట్టి బొమ్మలు దక్కాయి. అప్పటినుండి మూడవ ప్రతి కూడ చేస్తున్నాను. అయిదారేళ్ళకొకసారి పాత్ర మార్చవలసిందే. నేను ఉన్నంతకాలం మారుస్తాను. నా తరువాత ఎవరు మారుస్తారు? అలమారలో నెగెటివ్ పెట్టె కనిపిస్తే మనుమడు తెరిచి వెలుతురుకు పట్టి చూస్తాడు. మూగగా పడి ఉన్న డిస్కును చూచి ఏమనుకొంటాడు?

అంతమాత్రాన ఫిల్ము చిరంజీవి అని నేను చెప్పడంలేదు. వెండితో ఏర్పడిన నలుపు తెలుపు బొమ్మ నిలుస్తుంది. కాని రంగుల ఫిల్ములో చివరకు మిగిలేది వెండి కాదు, అద్దకపు రంగులు. అవి వెలిసిపోతాయి. 1980లనాటి పెళ్ళి ఆల్బములు తెరిచి చూడండి, వధూవరులిద్దరూ ఎర్రబారి ఉంటారు. మన వానలకు నెగెటివులమీద, లెన్సులమీద బూజు పాకుతుంది. ఫిల్ము మొదటి గండం ల్యాబులోనే ఉన్నది. మా చెల్లెలి నిఖా నాటి రీళ్ళు రెండింటిని ఒక కలరు ల్యాబులో ఇస్తే, ఒకటి పొగచూరినట్లు తిరిగివచ్చింది. ఆ ల్యాబు పేరు ఇప్పుడెందుకు? వారు మరొక కొత్త రీలు ఉచితంగా ఇచ్చి చేతులు దులుపుకొన్నారు. నిఖాను మళ్ళీ జరిపించలేము కదా.

2022లో నా కుడికంటికి శుక్లం తీయించుకొన్నాను. ఆ తరువాత పెంటాక్స్ అద్దంలో అక్షరాల అంచులు కలిశాయో లేదో తేల్చుకోవడం కష్టమయింది. చేతివ్రాత బోర్డులు వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని మిగిలాయి. ఈ ఆదివారం చూచినది వచ్చే ఆదివారం ఉంటుందనే నమ్మకం లేదు. అటువంటప్పుడు కంటిమీద, చేతిమీద, ల్యాబుమీద ఆధారపడి ఒక్క బొమ్మతో తిరిగిరావడం నాకు న్యాయంగా తోచలేదు. బోర్డు మొత్తాన్ని, తరువాత ఒక్కొక్క మాటను, సంతకాన్ని, తుప్పును, వెనుక గోడను ఇరవై ముప్పై బొమ్మలుగా తీయాలి, అక్కడికక్కడే సరిచూచుకోవాలి, అదే రోజు దుకాణదారునికి ఒక ప్రతి పంపాలి. ఇది డిజిటల్ పని. అందుచేత రెండేళ్ళుగా నా సంచిలో ఉంటున్నది డిజిటల్ కెమేరాయే. పెంటాక్సును అమ్మలేదు. నెలకొకసారి ఖాళీగానే షట్టరు నొక్కి, చప్పుడు విని, మళ్ళీ గుడ్డలో చుట్టి పెడుతుంటాను. కాని ప్రతి ఏడాది చివరా ఆ సంవత్సరపు బోర్డులలో ముఖ్యమైనవాటిని మంచి కాగితంమీద ప్రింట్లు వేయించి, వెనుక పెన్సిలుతో తేదీ, బజారు పేరు వ్రాసి, నెగెటివుల పెట్టెలోనే చేరుస్తున్నాను. కాగితానికి పాత్ర మార్చే పని లేదు.

విద్యార్థి మిత్రులారా, చేతిలో డబ్బు లేకపోతే ఏ కెమేరానూ కొనవద్దు. మీ జేబులోని ఫోను కూడ డిజిటల్ కెమేరాయే. దానితో ఏడాదిపాటు ఒకే విషయాన్ని పట్టుకొని తీయండి. అది మీ వీధి కావచ్చు, మీ అమ్మగారి వంటిల్లు కావచ్చు. మిగిల్చిన డబ్బుతో పది ప్రింట్లు వేయించండి. కొనగల శక్తి ఉంటే డిజిటల్ కొనండి. వాడినదైనా సరే, కంపెనీ పేరుకంటె మంచి లెన్సును చూడండి. ఫిల్ముమీద మనసుపడితే మాత్రం నలుపు తెలుపు రీలుతో మొదలుపెట్టి, ఇంటనే కడగడం నేర్చుకోండి. సామానుకు పెద్ద ఖర్చు లేదు. మెటాల్ పాళ్ళు ఎట్లా తూచాలో, హైపో ఎంతసేపు ఉంచాలో నా దగ్గరకు వస్తే చూపిస్తాను. వాడిన హైపోలో వెండి ఉంటుంది కాబట్టి దానిని కాలువలో పోయకూడదని కూడ చెబుతాను. ల్యాబుకు పంపి ఫోనులో చూచుకొనే ఫిల్ముకు మాత్రం నా సలహా అడగవద్దు.

ప్రస్తుతం నేను చేస్తున్న పని ఈ రెండు యంత్రాలకూ సంబంధించినది. వెలుతురు పలకమీద పాత నెగెటివును పరచి, పైన డిజిటల్ కెమేరాకు మాక్రో లెన్సు తగిలించి, ఒక్కొక్క చట్రాన్నీ తిరిగి బొమ్మ తీస్తున్నాను. నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా కంప్యూటరు మార్చి ఇస్తుంది. రాత్రికి రెండు పట్టీలు, అంటే పన్నెండు బొమ్మలు. బోర్డులమీద సంతకాలున్నవాటిని వేరు చేసి, ఆ పెయింటర్ల కుటుంబాలవారు ఎవరైనా ఉన్నారేమోనని ఛత్తా బజారులో విచారిస్తున్నాను. ఇంతవరకు నాలుగు ఇళ్ళవారు దొరికారు. 1984 నుండి 1989 వరకు పూర్తయింది. వేసవి సెలవులలో 1990 నాటి సంచి విప్పాలి.